వంద గ్రెయిన్ల తూటా మీద నా సంతకం

పెన్సిల్వేనియాలో వేట తూటాలు తయారుచేసే ఒక కంపెనీలో, తూటాల వేగం, గురి పరీక్షించే బాలిస్టిక్స్ ల్యాబ్‌లో నేను పాతికేళ్లకు పైగా పనిచేశాను. ఇప్పుడు రాస్తున్న సంగతి నేను రిటైరవడానికి ఆరేళ్ల ముందు, ఒక ఆగస్టులో మొదలైంది. అప్పటికి నేను సీనియర్ టెస్ట్ ఇంజనీర్ని. ఆ నెలలోనే కంపెనీ రికమెండేషన్ డెస్క్ అని కొత్త విభాగం పెట్టింది. వేటగాళ్లు తమ రైఫిల్ వివరాలు రాసి, ఏ జంతువుకి ఎంత బరువున్న తూటా వాడాలని అడిగితే, జవాబు రాసి పంపడం దాని పని. దానికి లీడ్‌గా నన్నే వేస్తారనుకున్నాను. శ్రావ్యని వేశారు.

శ్రావ్య ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. కంపెనీలో చేరి రెండేళ్లయింది. భర్త అమెరికన్, మామగారు ఏటా ఆమెని జింకల వేటకి తీసుకెళ్లేవారు. నేను జీవితంలో ఒక్క జంతువునీ కాల్చలేదు. నేను కాల్చిందంతా ల్యాబ్ సొరంగంలో, కాగితం టార్గెట్ల మీదా జంతువు కండకి బదులు వాడే జెలటిన్ దిమ్మల మీదా.

మేనేజర్ గ్రెగ్ నన్ను గదిలోకి పిలిచి, కస్టమర్లకి వేటాడిన మనిషి మాట కావాలన్నాడు. అయితే ఆమె రాసే ప్రతి జవాబూ నేను చూసి సంతకం పెట్టాకే బయటికి వెళ్తుందన్నాడు. దాన్ని గౌరవంగానే చెప్పాడు. నాకు మాత్రం పేరు ఆమెకీ పూచీ నాకూ పంచినట్టనిపించింది.

నాకు అసూయ కలిగింది. ఈ వయసులో దానికి వేరే పేరు పెట్టి లాభం లేదు. నేను ఏళ్ల తరబడి కాల్చి, కొలిచి తయారుచేసిన పట్టికలు ఆమె ఫొటో పక్కన బ్రోషర్‌లో అచ్చయ్యాయి. ఇరవయ్యేళ్లుగా నన్ను చూసి తల ఊపి వెళ్లిపోయే మెషీన్ షాపు మనుషులు ఆమె టేబుల్ దగ్గర నిలబడి కబుర్లు చెప్పేవాళ్లు. మీటింగుల్లో గ్రెగ్ ఆమె పేరు ఎన్నిసార్లు ఎత్తాడో మనసులో లెక్కపెట్టుకునేవాణ్ణి. కంపెనీ పిక్నిక్ నుంచి తిరిగొస్తూ కార్‌లో మా ఆవిడ, "ఆ పిల్ల ఎంత కలుపుగోలుగా ఉందండీ! మీరు కూడా కాస్త నవ్వుతూ మాట్లాడితే ఏం పోతుంది?" అంది. నేను రేడియో గొంతు పెంచాను.

ఇక్కడ పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. తూటా బరువుని గ్రెయిన్లలో కొలుస్తారు. ఒక గ్రాముకి సుమారు పదిహేను గ్రెయిన్లు. బరువైన తూటా గాలిలో వేగం తొందరగా కోల్పోదు, జంతువు ఒంట్లో లోతుగా దిగుతుంది. అందుకే చాలామంది బరువు ఎక్కువైతే మంచిదనుకుంటారు. కానీ ఒకే కాలిబర్‌లో, అంటే ఒకే లావులో, బరువు పెరిగితే తూటా పొడుగు పెరుగుతుంది. పొడుగాటి తూటా ముక్కు ముందుకే ఉంచి వెళ్లాలంటే బొంగరంలా గట్టిగా తిరగాలి. ఆ తిప్పు ఇచ్చేది రైఫిల్ గొట్టం లోపల మెలిక తిరిగిన గాడులు. ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు పూర్తవుతుందో దాన్ని ట్విస్ట్ అంటారు. అంగుళాలు ఎక్కువైతే తిప్పు తక్కువ.

సెప్టెంబరులో వాల్టర్ అనే రిటైర్డ్ స్కూల్ టీచర్ ఉత్తరం వచ్చింది. అతని దగ్గర ఉన్నది యాభై ఏళ్లు దాటిన ఆరు మిల్లీమీటర్ల రైఫిల్. జింకకి ఏ బరువు వాడమంటారని అడిగాడు. శ్రావ్య వంద గ్రెయిన్లు వాడమని చక్కటి జవాబు రాసింది. ఇప్పటి రైఫిల్‌కైతే అది సరైన సలహా. కానీ ఆయన నింపి పంపిన రైఫిల్ వివరాల ఫారంలో ట్విస్ట్ గడి ఖాళీగా ఉంది. ఆ కాలపు ఆ మోడల్ గొట్టాలకి పన్నెండు అంగుళాల ట్విస్ట్ ఉండేదని నాకు తెలుసు. దానికి తొంభై గ్రెయిన్లు దాటకూడదు. ఆ సంగతి మా కంపెనీలో నాకొక్కడికే తెలుసని కూడా నాకు తెలుసు.

పక్కన ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నాను. వేటాడిన మనిషి మాటే కదా వాళ్లకి కావలసింది అనుకుని, సంతకం పెట్టి పంపేశాను. మహా అయితే కాగితం మీద తూటాలు చెదిరిపోతాయి, ఆయన ఫిర్యాదు చేస్తాడు, గ్రెగ్‌కి తెలిసొస్తుంది అనుకున్నాను.

అలా జరగలేదు. వాల్టర్ అక్టోబరులో, వెచ్చటి మధ్యాహ్నం, యాభై గజాల్లో గురి సరిచూసుకున్నాడు. తూటాలు బాగానే పడ్డాయి. డిసెంబరు చలిలో గాలి చిక్కబడుతుంది. అంతంతమాత్రంగా తిరిగే తూటా అప్పుడు నిలకడ తప్పుతుంది. నూట యాభై గజాల్లో ఉన్న ఆడ జింకని భుజం వెనక గురిచూసి కాలిస్తే, తూటా వెనక కాలికి తగిలింది. నెత్తుటి జాడ పట్టుకుని సాయంత్రందాకా తిరిగాడు. మర్నాడు పొద్దున వాగు పక్కన దొరికింది. ఇంకా ప్రాణంతోనే ఉంది. ఇదంతా కోపం లేకుండా రాసి, తర్వాత అదే చలిలో కాల్చి చూసిన టార్గెట్ కాగితం జతచేశాడు. దాని మీద రంధ్రాలు గుండ్రంగా లేవు, కోలగా ఉన్నాయి. తూటాలు పక్కకి తిరిగి తగిలాయన్నమాట.

శ్రావ్య ఆ ఉత్తరం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అంకుల్, ట్విస్ట్ అడగడం నేను మిస్ చేశాను. గ్రెగ్‌కి చెప్పేశాను, మిస్టేక్ నాదే అని. రైఫిల్ పంపమని వాల్టర్‌ని అడిగాను. మీరు నాతో కలిసి టెస్ట్ చేస్తారా?"

చేస్తానన్నాను. నాకు ముందే తెలుసన్న సంగతి మాత్రం దాచాను.

జనవరిలో రైఫిల్ వచ్చింది. ట్విస్ట్ కొలవడం సులువు. గొట్టం తుడిచే క్లీనింగ్ రాడ్ చివర బిగువుగా గుడ్డ చుట్టి గొట్టంలోకి తోస్తే, గాడులని పట్టుకుని రాడ్ తిరుగుతుంది. ఒక చుట్టుకి ఎంత లోపలికి పోయిందో కొలిస్తే చాలు. శ్రావ్య రాడ్ మీద గుర్తు పెట్టి తోయడం మొదలుపెట్టింది. రాడ్ సగం చుట్టు కూడా తిరగకముందే నా నోటి నుంచి మాట జారింది.

"పన్నెండు వస్తుందమ్మా. ఆ రోజుల్లో ఆ మోడల్‌కి అంతే."

ఆమె చెయ్యి ఆగింది. రాడ్ వదలకుండానే నావైపు చూసింది.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నా లెటర్ సైన్ చేసినప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా."

ఆమె అరవలేదు. కొలత పూర్తిచేసి పన్నెండు అని రాసుకుంది. "నా మీద కోపం ఉంటే నాకు చెప్పాల్సింది అంకుల్. ఆ జింక ఏం చేసింది?" అంది. అదే రైఫిల్‌లో ఎనభై అయిదు గ్రెయిన్ల తూటాలు అయిదు కాల్చాం. అయిదూ గుండ్రటి రంధ్రాలే, అంగుళమున్నర వెడల్పు లోపలే పడ్డాయి.

ఆ మధ్యాహ్నమే గ్రెగ్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. నన్ను రివ్యూ పని నుంచి ఏడాదిపాటు తప్పించారు. నా ఫైల్లో మందలింపు కాగితం పడింది. వాల్టర్‌కి నేనే ఫోన్ చేసి, సంగతి తెలిసే ఊరుకున్నానని చెప్పాను. ఆయన, ఆ రైఫిల్‌కి ఇక ఎంత బరువు వాడాలో మాత్రం చెప్పమన్నాడు. చెప్పాను.

శ్రావ్య తర్వాత నాకంటే పై హోదాకి వెళ్లింది. నా అసూయ పూర్తిగా పోయిందని చెప్పను. కానీ ఆ పని నుంచి నేర్చుకున్నవి రెండు. తూటా బరువు జంతువుని బట్టి ఎంచుకునే ముందు గొట్టాన్ని బట్టి ఎంచుకోవాలి. ఇంకొకరి పని సరిచూసే ఉద్యోగంలో ఉన్నవాడు, ఆ మనిషి ఓడిపోవాలని కోరుకుంటున్న రోజున ఆ కాగితాన్ని వేరొకరి చేతికివ్వాలి.