మావయ్యకు రాని నడక

మా మావయ్య ఫిజియోథెరపిస్టు. అమ్మకు ఒక్కడే తమ్ముడు. శిక్షణకు వచ్చే పిల్లలు చాటుగా ఆయన్ని నడకల మాస్టారు అనేవారు. ఆ సంగతి తెలిసి ఆయన లోలోపల మురిసిపోయేవాడు.

పుస్తకం తెరవకుండా పాఠం చెప్పేవాడు. ఆసుపత్రి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడవడమే పాఠం. పాదం పైకి లేవనివాడిలా మోకాలు ఎత్తెత్తి, వేళ్లు నేలకు టప్పుమని కొడుతూ నడిచేవాడు. తుంటి కండరం నీరసించినవాడిలా అడుగడుక్కీ ఒక పక్కకు ఒరిగేవాడు. పక్షవాతం వచ్చిన కాలును పక్కనుంచి తిప్పి తెచ్చి ముందుకు వేసేవాడు. వేసి, "జబ్బేంటో చెప్పండి చూద్దాం" అనేవాడు. "రోగి మోకాలు నొప్పంటాడు. నడక చూస్తే గొడవ నడుములో ఉంటుంది. మీరు నడక మాటే వినండర్రా."

ఇంట్లో కూడా అదే వేషం. మమ్మల్ని నవ్వించాలంటే 'అక్క మెట్లు దిగుట' వేసేవాడు. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కర్రల్లా బిగించి, ఒక చెయ్యి గోడకు ఆనించి, కింద నీళ్లున్నాయేమో అన్నట్టు పాదంతో తడుముకుంటూ దిగేవాడు. నేనూ నాన్నా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. అందరికన్నా ఎక్కువ నవ్వింది అమ్మే. "వయసొస్తే నువ్వూ ఇంతేరా" అనేది. అప్పటికి ఆమెకు యాభై రెండు. యాభై రెండుకే అంత వయసేమిటని మాలో ఒక్కరికీ తట్టలేదు.

నా సంగతి కూడా దాచకుండా చెప్పాలి. అమ్మ రోజూ ఆఫీసుకు వెళ్లే ముందు వాచీ పట్టీ పెట్టమని నాకు చెయ్యి చాపేది. "నువ్వేమన్నా చిన్నపిల్లవా? బద్ధకం కాకపోతే!" అని విసుక్కుంటూ పెట్టేదాన్ని. పోస్టాఫీసులో ఉత్తరాలు వేళ్ల సందుల్లోంచి జారిపోతున్నాయని చెబితే, చలికేలే అన్నాను.

అలా రెండేళ్లు గడిచాయి. ఒక రోజు పాఠం చివర పిల్లలు ఆవులిస్తుంటే, కాస్త నవ్విద్దామని మావయ్య అమ్మ నడక అందుకున్నాడు. పక్కన రెండు కడ్డీల మధ్య నడక నేర్చుకుంటున్న దర్జీ ఒకాయన టక్కున ఆగిపోయాడు. ఆయన మెడకు ఆపరేషన్ జరిగి అప్పటికి నెల.

"ఏం సార్, నన్నే వెక్కిరిస్తున్నారా?" అన్నాడు.

"అయ్యయ్యో, మిమ్మల్ని కాదండీ. మా అక్క ఇలా నడుస్తుంది."

"అచ్చం నా నడకేనండీ. ఆపరేషన్‌కి ముందు ఇలాగే గోడలు పట్టుకునేవాణ్ణి. సూదిలో దారం ఎక్కించలేకపోయేవాణ్ణి. మెడలో నరాలు నలిగిపోతున్నాయని ఆలస్యంగా తెలిసింది. మీ అక్కగారిని ఏ డాక్టరు చూస్తున్నారు?"

మావయ్య కాళ్లు ఎడంగా పెట్టుకుని అలాగే నిలబడిపోయాడట. తర్వాత ఆయనే చెప్పాడు. అమ్మను ఏ డాక్టరూ చూడటం లేదు. చూడాల్సినవాడు రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాడు. మడమ దగ్గర్నుంచి అచ్చు గుద్దినట్టు దించి, మాచేత చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు.

ఆ సాయంత్రమే వచ్చి అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి కింద చిన్న సుత్తితో తట్టాడు. కాలు మామూలుకన్నా జోరుగా, తన్నినట్టు ఎగిరింది. "కళ్లు మూసుకుని నిలబడక్కా" అన్నాడు. మూసిన క్షణంలోనే తూలి ఆయన చేతుల్లో పడింది. స్కానింగులో మెడ ఎముకల మధ్య వెన్నుపాము నొక్కుకుపోయి కనిపించింది. "రెండేళ్ల ముందే వచ్చుంటే చాలావరకు దక్కేది. ఇంకా చెడకుండా ఆపుతాం. పోయింది తిరిగి రావడం మాత్రం కష్టం" అన్నాడు సర్జన్.

మావయ్య మీద నాకు ఒళ్లు మండిపోయింది. కడిగేద్దామనే వెళ్లాను. ఆయన మొహం చూసి గుమ్మంలోంచే తిరిగొచ్చేశాను. పైగా వాచీ పట్టీ గుర్తొచ్చింది.

అమ్మకు ఆపరేషన్ అయి ఏడాది. మావయ్య రోజూ పొద్దున్నే వచ్చి అమ్మను వాకర్‌తో నడిపిస్తాడు. క్లాసులో వేషాలు మానేశాడు. మొన్న పది అడుగులు వేసి ఆయాసపడుతూ మంచం మీద కూర్చున్న అమ్మ, "ఒరేయ్, నా నడక ఒకసారి చెయ్యరా" అంది.

"వద్దక్కా. నన్ను చంపకు."

"ఆ నడక కాదురా. అంతకుముందుది. నిన్ను బడికి లాక్కెళ్లేదాన్నే, అప్పటిది. ఎలా నడిచేదాన్నో నాకే గుర్తు రావట్లేదు. లోకంలో అందరివీ వేస్తావుగా."

మావయ్య లేచి గోడ దగ్గర నిలబడ్డాడు. గబగబా రెండడుగులు వేసి, తల అడ్డంగా ఊపి వెనక్కి వెళ్లాడు. మళ్లీ వేశాడు. అది ఆయన సొంత నడకే. మూడోసారి గోడ దగ్గర నుంచి కదల్లేదు.

"బాగున్నన్నాళ్లూ నీ నడక నేను చూడనే లేదక్కా" అన్నాడు.

అమ్మ నా వైపు తిరిగింది. "పోనీ, నీకు గుర్తుందా?"

నాకూ గుర్తులేదు.