నేను సరిదిద్దిన ఒప్పు

ఇటాలియన్ క్రియ ఏదిచ్చినా ఎక్కడ విరవాలో, ఎక్కడ ఒత్తి పలకాలో ఇప్పుడు తడుముకోకుండా చెప్పగలను. ఆ ధీమా నాకు ఒకామెను అవమానించాక వచ్చింది.

కార్ఖానా ఏరియాలో ఒక మందుల షాపు పైన గది అద్దెకు తీసుకుని ఇటాలియన్ నేర్పుతున్నాను. వచ్చేవాళ్లు ఎక్కువగా ఇటలీలో ఉద్యోగాలకు వెళ్లాలనుకునే నర్సులు. నేను ఇటలీ ఎన్నడూ చూడలేదు. పుస్తకాలతో, ఆడియోలతో నేర్చుకున్నవాణ్ణి. ఎవరైనా ఆ మాటెత్తితే చురుక్కుమనేది.

మాటను ముక్కలుగా విరిచి, చివరి నుంచి రెండో ముక్కను ఒత్తండి అని అందరికీ ఒకటే సూత్రం చెప్పాను. ‘నేను మాట్లాడతాను’కి పార్‌-లో, ‘మీరు మాట్లాడతారు’కి పర్‌-లా-తే. చక్కగా కుదిరేది.

లాలాగూడ నుంచి ఒకామె వచ్చేది. రోమ్‌లో ఒకరింట్లో ఏడేళ్లు వంట చేసింది. మాట వచ్చు, రాత రాదు. మళ్లీ పనికి వెళ్లాలంటే రాతపరీక్ష నెగ్గాలి. ఒకరోజు ‘వాళ్లు మాట్లాడతారు’ అన్న ఇటాలియన్ మాట చదవమన్నాను.

“పార్లనో,” అంది మొదటి ముక్కనే ఒత్తి.

“పర్లానో,” అని దిద్దాను.

“మా మేడం గిట్లనే అంటుండె సార్.”

“వంటింట్లో ఎట్లా అన్నా చెల్లుతుందమ్మా. ఇది క్లాసు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి ఆమె రాలేదు.

ఆ వారమే ఆడియో మళ్లీ విన్నాను. ‘ఆమె మాట్లాడుతుంది’కి పార్‌-ల. ‘వాళ్లు’ అయితే వెనక ఇంకో ముక్క చేరుతుందే గానీ, ఒత్తేది అదే పార్ మీద. ఆమెదే ఒప్పు. పాఠం చడీచప్పుడు లేకుండా మార్చేశాను. తప్పు నాదని మాత్రం పది రోజులు నోరు విప్పలేదు. నవ్విన దానికంటే ఇదే నీచం.

చివరికి లాలాగూడలో ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

“తప్పు నాదమ్మా. మీరన్నదే ఒప్పు.”

“నాకెరికే సార్. నవ్వింది ఆడ, చెప్పేది ఈడనా?”

“రేపు క్లాసులో చెప్తాను. రండి.”

“ముందుగాల చెప్పుండ్రి. చెప్పిండ్రో లేదో ఆ నర్సు పోరీలు నాకు ఫోన్ చేస్తరు తీయ్.”

మర్నాడు నిలబడి చెప్పాను: ఆమె చదివింది సరైనది, నాకు తెలియక దిద్దాను, తెలిశాక దాచాను. ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి మాత్రం, “మరి మా నోట్సులన్నీ సార్?” అంది. దిద్దుకోమన్నాను.

ఆ మరుసటి రోజు ఆమె వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. నేను మళ్లీ క్షమాపణ మొదలుపెట్టబోయాను.

“అయిపోయింది గదా సార్,” అని నోట్‌బుక్ తెరిచింది. “పరీక్షకు ఇరవై రోజులే ఉన్నయి. రాత షురూ చెయ్యుండ్రి.”