దేవుడు కాని పటం

పోయిన శుక్రవారం తిరుపతి నుంచి మా కూతురు వచ్చి, నాయన పటాలన్నీ తాను పనిచేసే కాలేజీ లైబ్రరీకి ఇచ్చేద్దామని అడిగింది మొదలు, ఇన్నేళ్ళూ దుమ్ము దులపడమే తప్ప నిలబడి చూడని ఆ పటాల గోడ ముందు నేను కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను.

మా వయసువాళ్ళకు పటమంటే పూజగదిలోదైనా కావాలి, పోయినవాళ్ళదైనా కావాలి. మా ఇంట్లో మాత్రం మూడో రకం ఉండేది, అమెరికా దేశపు పటాలు, మా తాతలకు తాతల కాలంలో అచ్చువేసినవి. పలమనేరు బజారులో మా ఆయనకు చిల్లర అంగడి ఉండేది. ఊరి చివర అమెరికా మిషను దొరలున్న బంగళాను ఖాళీ చేసినప్పుడు, పొట్లాలు కట్టడానికని తూకం మీద తెచ్చిన పాత కాగితాల్లో మొదటి పటం దొరికింది. నాలుగో తరగతితో చదువాగిన నేనైతే అందులో ఎండుమిరపకాయలు కట్టేసేదాన్నే. ఆయన మడత కూడా నలగకుండా ఇంటికి తెచ్చి, అద్దం కట్టించి గోడకు తగిలించాడు.

శుక్రవారం వచ్చేసరికి మా అత్త దానికి నాలుగు మూలలా గంధం, కుంకుమ పెట్టేసింది.

“అది దేశంమా, దేవుడు గాదు” అని ఆయన నవ్వితే, “అద్దం కట్టి గోడకెక్కించినాక దేవుడు గాకుండా యాడికి పోతాడ్రా, నువ్వూరుకో” అంది. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ పూజ తప్పలేదు. ఆ కుంకుమ చట్రం చెక్కలోకి ఇంకి ఇప్పటికీ ఎర్రగానే ఉంది.

ఆ తర్వాత ఆయనకు అదే పిచ్చి పట్టుకుంది. సరుకుకని బెంగళూరు పోయినప్పుడల్లా పాత పుస్తకాల అంగళ్ళు గాలించి, చంకలో ఒక కాగితపు చుట్టతో బస్సు దిగేవాడు. అదీ అద్దం కట్టించుకుని గోడకెక్కేది. దానికి నేను సణగడం, ఆయన విననట్టు కాళ్ళు కడుక్కోవడం మాకు అలవాటైపోయింది. మధ్యాహ్నం అంగడి మూసి అన్నం తిన్నాక గోడ మీది పటాలన్నీ దించి చాప మీద పరిచి, అచ్చయిన ఏళ్ళ వరసన ముందువి ముందు, వెనకవి వెనక పేర్చుకునేవాడు. ఒక్కో పటానికీ ఆ దేశం పడమటికి కొంచెం కొంచెంగా జరిగేది, కొత్త గీతలు, కొత్త రైలు దారులు పుట్టుకొచ్చేవి. మొదట దొరికిన పటంలో మాత్రం పడమటి సగం ఏమీ లేకుండా తెల్లగా ఉండేది. నేను పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, ఒకరోజు ఊరుకోలేక అడిగాను.

“ఈడంతా ఎవురూ లేరా?”

“లేకేం, ఉండారు. గీసినోళ్ళకు కనబళ్ళేదు, అంతే.”

ఆ మాట అనేటప్పుడు ఆయన తల ఎత్తలేదు. నేను ఆ తెల్లటి చోటునే చూస్తూ చాలాసేపు గింజలు తీయడం మరిచిపోయాను.

ఆయన దేశం పెరుగుతూ పోయింది గానీ మా ఇల్లు తగ్గుతూ వచ్చింది. అత్త పోయింది, కూతురు పెళ్ళయి తిరుపతి చేరింది, చివరికి ఆయనా పటమై అదే గోడ మీద అదే వరసలోకి వెళ్ళాడు. ఆయనతో కన్నా పటాల మీదికి వంగిన ఆయన వీపుతోనే ఎక్కువ కాపురం చేశానని అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ వీపైనా లేదు.

ఈ ఉదయం కూతురు కాలేజీ సారును వెంటబెట్టుకుని వచ్చింది. ఒక్కొక్కటే దించి గుడ్డలో చుట్టుకున్నారు. సారు ఆ మొదటి పటం దగ్గర ఆగి, అన్నింటిలోకీ పాతది ఇదే, ముఖ్యంగా కావలసిందీ ఇదే అన్నాడు.

“అది దేవుని పటం నాయనా, ఇయ్యకూడదు” అన్నాను.

సారు కుంకుమ చూసి చేయి వెనక్కి తీసుకున్నాడు. “నువ్వెప్పుడు పూజ చేసినావుమా దానికి?” అని మా కూతురు నవ్వింది. నేను నవ్వలేదు.

పోయేముందు కూతురు తన ఫోను తెరిచి, పటాలే కావాలంటే ఇందులో చూసుకోమని, ఆకాశంలోంచి చూసినట్టుగా మా వీధిని, మా మిద్దెను చూపించింది. ఇప్పటి పటంలో తెల్లగా వదిలిన చోటంటూ ఎక్కడా లేదు. ఆయన ఉండుంటే అన్నం కూడా మరిచి చూసేవాడు. నేనూ కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. మిద్దె కనబడింది, మెట్లు కనబడ్డాయి, నీళ్ళతొట్టి కనబడింది. మిద్దె కింద ఎవరున్నారో ఈ గీసినవాళ్ళకూ కనబడలేదు.