గడప బండ మీద రెండు గాట్లు

మా మున్సిపాలిటీ బోర్డు మీద నేను ఒక అబద్ధం రాశాను. సుద్దముక్కతో రాసిన నాలుగు పంక్తులు. మూడో రోజున నేనే తడిబట్టతో తుడిచేశాను. కానీ ఊరి నోట్లో పడ్డ మాటను ఏ బట్టతో తుడుస్తాం? ఆ నాలుగు పంక్తుల వల్ల ఒక గొప్ప పనిమంతుడికి చెడ్డపేరు వచ్చింది. అది అబద్ధమని తెలిసినవాళ్లం ఇద్దరమే, ఆయనా నేనూ. ఆయన నన్ను నిలదీయలేదు. నేను నోరు విప్పలేదు. తొమ్మిదేళ్లు విప్పలేదు.

ముందు ఆ బోర్డు గురించి చెప్పాలి. నా గర్వమంతా దాని మీదే ఉండేది.

మాది కరీంనగర్ జిల్లాలో మానేరు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. మున్సిపాలిటీ అంటే ఒక పెంకుటిల్లు, దాని ముందు వసారా, వసారా గోడకు మనిషెత్తు నల్లబోర్డు. పోలీస్ చర్యకు ముందు దాని మీద ఉర్దూలోనే రాసేవారు. చదవగలిగినవాళ్లు పదిమంది ఉంటే ఎక్కువ. తర్వాత తెలుగులో రాయాలన్నారు. నేను ఉర్దూలో చదువుకున్నవాణ్ణి, తెలుగు ఇంట్లో మా బాపు దగ్గర నేర్చుకున్నాను. రెండు లిపులూ వచ్చినవాడు కావాలని నన్ను గుమాస్తాగా పెట్టుకున్నారు.

ఏ వాడకు ఏ పూట నీళ్లు వదులుతారు, మశూచి టీకాలవాళ్లు ఎప్పుడొస్తారు, అంగడి రోజు బండ్లు ఎక్కడ నిలపాలి, ఏ వీధి లాంతరు గాజు పగిలింది, ఎప్పుడు మారుస్తారు, అన్నీ రోజూ పొద్దున్నే రాసేవాణ్ణి. అక్షరాలు గుండ్రంగా, వీధి అవతలికి కనిపించేటంత పెద్దవిగా ఉండేవి. ఎదురుగా చాయ్ హోటలు. నేను సుద్దముక్క కింద పెట్టగానే హోటలాయన పెద్ద గొంతుతో బెంచీల మీది వాళ్లందరికీ చదివి వినిపించేవాడు. ఊరికే చదివేవాడు కాదు.

"రేపు నల్లా రాదట. తానం జేసేటోళ్లు ఇయ్యాల్నే జెయ్యిండ్రి. జెయ్యనోళ్లు రేపు నా బెంచీ మీద కూసోకుండ్రి!"

అలా నా రాత ఊరంతా తిరిగేది. మా ఊరి జనం తమ వార్త తమ భాషలో మొదటిసారి విన్నది ఆ బోర్డు నుంచే. అందులో నా చెయ్యి ఉందని ఇప్పటికీ గర్వపడతాను.

ఇక ఆయన. నిజాం కాలంలో ఊరికి మొదటిసారి పైపులు వేసినప్పుడు నల్లాల దారోగాగా, అంటే నీళ్ల పైపుల పని చూసే అధికారిగా, ఉన్నాడు. నేను చేరేనాటికి పని నుంచి దిగిపోయి నాలుగైదేళ్లయింది. ఊరంతా సాబు అనేవారు, నేను చాచా అనేవాణ్ణి. నా భుజం దాకా వచ్చే పొట్టి మనిషి. ఎక్కడ పైపు కారినా జనం ఆఫీసుకు రాకుండా ఆయన ఇంటికే పోయేవారు. ఆయన వచ్చి, చేతికర్ర నేలకు తాకించి, "ఈడ తవ్వుండ్రి" అనేవాడు. తవ్వితే అక్కడే ఉండేది. ఆఫీసులో కూర్చున్న నాకు అది కొంచెం కష్టంగా ఉండేదన్న మాట కూడా దాచను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా కౌన్సిల్ ఒక మంచి తీర్మానం చేసింది. నేతగాళ్ల వాడకు మూడు సర్కారు నల్లాలు వేయాలని. ఆ వాడలో ఇంటింటికీ మగ్గం. నూలుకు గంజి పెట్టడానికి, అద్దకానికి, తాగడానికి, అన్నిటికీ ఆడవాళ్లు మానేరు ఇసుకలో చెలిమెలు తోడుకొని బిందెలు మోసేవారు. పాత కాలంలోనే ఆ వాడ వైపు ఒక పైపు కొస వదిలి, మూత బిగించి, మట్టి కప్పారు. ఆ కొస దొరికితే కొత్త పైపు దానికే కలపవచ్చు. అది ఎక్కడుందో దారోగా రాసిన ఉర్దూ రిజిస్టరులో ఉంది. చదవగలిగినవాణ్ణి నేనే.

రిజిస్టరులో ఉంది: చావడి మూలరాయి నుంచి బజారు వైపు ఎనభై నాలుగు అంగలు. నేను నడిచి, లెక్కపెట్టి, సున్నంతో గుర్తు పెట్టాను. తవ్వారు. ఏమీ లేదు. పక్కన తవ్వించాను. లేదు. ఇంకొంచెం ముందుకు తవ్వించాను. మూడు రోజుల్లో బజారు నడుమ మూడు గోతులు, వాటి పక్కన మట్టి కుప్పలు, ఇరుక్కుపోయిన ఎడ్లబండ్లు.

"సాబు వచ్చేదాక ఆగుదం సారూ" అన్నారు తవ్వేవాళ్లు. ఆయన అప్పుడు కూతురి కాన్పుకని మంచిర్యాల పోయి ఉన్నాడు.

"రిజిస్టరు చేతిల ఉండంగ మనిషెందుకు? తవ్వుండ్రి" అన్నాను.

నేతగాళ్ల వాడ నుంచి బిందెలతో పోతున్న ఒక పెద్దామె గోతి అంచున ఆగి నన్ను చూసింది. "ఏం సారూ, నీళ్లిస్తమని చెప్పి మాకు బొందలు తవ్వుతుండ్రా?" వెంట ఉన్నవాళ్లు నవ్వారు. ఇంకొకామె అందుకుంది. "ఊకో అక్కా, వానకాలం దాక ఆగితె గా గుంతల్లనే నీళ్లుంటయి. గదే నల్లా!"

మూడో రోజు మధ్యాహ్నం చైర్మన్ నన్ను పిలిచాడు. "రికార్డు తప్పా, నువ్వు తప్పా? ఒక్క మాట చెప్పు."

నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. పైగా ఆ రోజుల్లో పాత సర్కారు మీద తప్పు వేస్తే అడిగేవాడు లేడు. "రికార్డే తప్పు సార్" అన్నాను.

"అట్లయితె బోర్డు మీద రాయి. జనం మమ్మల్ని తిడుతుండ్రు."

రాశాను. పాత దారోగా రిజిస్టరులో కొలతలు తప్పుగా రాసినందున నేతగాళ్ల వాడ నల్లాల పని ఆలస్యమవుతున్నది, ప్రజలు మన్నించాలి, అని. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా కుదిరాయి.

మర్నాడు పొద్దున హోటలాయన దాన్ని గట్టిగా చదువుతూ నడుమ ఆగిపోయాడు. బెంచీ చివర సాబు కూర్చుని ఉన్నాడు. రైలు దిగి, బస్సెక్కి, సంచి ఇంకా ఒళ్లోనే పెట్టుకుని ఉన్నాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి, వీధి దాటి, వసారా మెట్టెక్కాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు.

"ఏం రాసినవ్ బేటా? జర నువ్వే చదువు."

చదివాను. ఆయన బోర్డు వైపే చూస్తూ విన్నాడు. కోపం చేయలేదు.

"మొదటి పన్నా చదివినవా?"

"చదివిన చాచా" అన్నాను. అది నేనాడిన రెండో అబద్ధం.

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. సంచి భుజాన వేసుకుని మెట్టు దిగిపోయాడు.

మొదటి పేజీ నేను చదవలేదు. ఆ కాలపు రిజిస్టర్లన్నిటికీ ముందు దేవుడి స్తుతి, పై అధికారుల పొగడ్త ఉంటాయి. ఇదీ అదేననుకుని, ఆ గొలుసుకట్టు రాతను వదిలేసి నేరుగా లెక్కల్లోకి పోయాను. ఆ పొద్దున అందరూ చాయ్‌కి పోయాక రిజిస్టరు తెరిచాను. స్తుతి రెండు పంక్తులే ఉంది. దాని కింద ఇలా ఉంది: "ఇందులో రాసిన అంగలు నా అంగలు. నేను పొట్టివాణ్ణి. నా తర్వాత వచ్చేవాడు పొడుగువాడు కావచ్చు. అందుకని నా అంగ పొడవు దఫ్తరు గడప ముందరి బండ మీద రెండు గాట్లుగా చెక్కించాను. కొలిచేవాడు ముందు అక్కడ కొలుచుకుని పోవాలి."

బయటికి వచ్చి చూశాను. గడప ముందు నల్లరాతి బండ మీద రెండు గాట్లు. రోజుకు పదిసార్లు వాటిని దాటేవాణ్ణి. ఎవరో కత్తి నూరిన గాట్లేమో అనుకునేవాణ్ణి. జరీబులు, టేపులు జిల్లా ఆఫీసులకే ఉన్న రోజుల్లో ఒక చిన్న ఊరి దారోగా తన నడకనే కొలతగా చేసి, రాయి మీద దాచిపెట్టి పోయాడు. తన తర్వాత ఎవడొస్తాడో తెలియకుండానే వాడి ఎత్తు గురించి కూడా ఆలోచించాడు.

ఆ గాట్ల మధ్య సుతిలి తాడు పట్టి కొలిచాను. సుతిలితో చావడి మూలరాయి నుంచి ఎనభై నాలుగు సార్లు వేసుకుంటూ పోయాను. నా గోతులకు చాలా వెనక, చక్కెర అంగడి ముందు, నిలిచాను. తవ్వితే మొలలోతులో మూత తగిలింది. తవ్వేవాళ్లు కేక పెట్టారు. "ఎట్ల దొరకవట్టినవ్ సారూ?"

"అందాజ మీద" అన్నాను. ఇది మూడోది.

నేతగాళ్ల వాడలో నీళ్లు వచ్చిన పొద్దున నేను మరిచిపోలేను. మొదట గాలి బుసకొట్టింది, తర్వాత ఎర్రటి నీళ్లు, తర్వాత తెల్లటి ధార. నన్ను ఎగతాళి చేసిన పెద్దామె పసుపు కుంకుమ తెచ్చి నల్లాకు పెట్టింది. మగ్గాలు ఆపి మగవాళ్లు వీధిలోకి వచ్చారు. సాబు కూడా వచ్చాడు. దోసిలి పట్టి తాగి, "నీళ్లు తియ్యగున్నయ్" అని మాత్రం అని వెళ్లిపోయాడు. చైర్మన్ నా వీపు తట్టాడు. పాత రికార్డు తప్పుగా ఉన్నా గుమాస్తా తన తెలివితో పైపు కొస కనిపెట్టాడని మినిట్స్ పుస్తకంలో రాశారు. రాసింది నేనే. నా ఉద్యోగం పర్మినెంటయింది.

ఆ తర్వాత పైపు కారితే జనం ఆఫీసుకే రావడం మొదలుపెట్టారు. "సాబు లెక్కలు తప్పట కదా" అనేవారు. ఆయన హోటలుకు రావడం మానేశాడు. నేను ఆ గాట్ల సాయంతో ఒక్కొక్క వాల్వూ ఒక్క గోతితోనే కనిపెట్టేవాణ్ణి. ఎప్పుడూ పొద్దున్నే, ఎవరూ చూడకముందే కొలుచుకునేవాణ్ణి. ప్రతిసారీ ఆయన రాత నిజమయ్యేది, ప్రతిసారీ పేరు నాకు వచ్చేది.

తొమ్మిదేళ్లకు కొత్త ఆఫీసు కట్టాలని పాతదాన్ని విప్పడం మొదలుపెట్టారు. ఒక పొద్దున నేను వచ్చేసరికి వడ్డెర మేస్త్రి గడప ముందరి బండను గడ్డపారతో ఎత్తి నిలబెట్టాడు. పగలగొట్టి పునాదిలో వేయడానికి సుత్తె ఎత్తి ఉన్నాడు.

"ఆగు!" అని అరిచాను.

"ఏంది సారూ, గీ బండకేమన్న బంగారమున్నదా?"

ఆ బండ పగిలితే రిజిస్టరులోని ప్రతి కొలతా పనికిరాకుండా పోతుంది. నేను రాసిన అబద్ధం అప్పుడు నిజమై కూర్చుంటుంది. నాకు అంతకంటే వేరే ఆలోచన రాలేదు. బండ మీద కూర్చుండిపోయాను. కొత్త చైర్మన్ వచ్చేదాకా లేవలేదు. వచ్చాక, మేస్త్రి, కూలీలు, హోటలు బెంచీల మీదివాళ్లు వింటుండగా మొత్తం చెప్పాను. టేపు తెప్పించి గాట్ల మధ్య కొలిస్తే రెండడుగుల ఒక అంగుళం ఉంది. దాన్ని రిజిస్టరు మొదటి పేజీలో ఆయన రాత కింద తెలుగులో రాశాను. చైర్మన్ వంగి ఆ గాట్లను వేలితో తడిమాడు. తర్వాత, "బండ కొత్త ఆఫీసు గడప ముందట వేస్తం. మరి సాబు దగ్గరికి ఎవరు పోతరు?" అన్నాడు.

నేనే పోయాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, చూపు మందగించింది. కాళ్లు పట్టుకోబోతే చెయ్యి పట్టి ఆపాడు.

"నువ్వు పన్నా చదవలేదని ఆ దినమే ఎరుక బేటా. సాంత్రానికల్లా చదువుతవని గూడ ఎరుక."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే చాచా? నలుగుట్ల నన్ను నిలబెట్టి అడగొచ్చు గద?"

"నీళ్లొచ్చినయ్. అయినంక నేనేమని లొల్లి పెట్టాలె? నువ్వే చెప్తవని చూసిన." కొంచెం నవ్వాడు. "జర ఆల్చం జేసినవ్."

మాఫీ అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నాకు చెప్పుడెందుకు? నాకు ముందే ఎరుక. బోర్డు మీద చదివినోళ్లకు చెప్పు."

పాత బోర్డును వేపచెట్టుకు ఆనించి ఉంచారు. మర్నాడు పొద్దున సుద్దముక్క తీసుకున్నాను. ఎదురుగా హోటలాయన గొంతు సవరించుకున్నాడు. ఆ ఒక్క రోజు తన మాట ఒక్కటి కూడా కలపకుండా, నేను రాసినది రాసినట్టు చదివాడు:

"ఊరి ప్రజలకు. తొమ్మిదేళ్ల కింద నేతగాళ్ల వాడ నల్లాల పని ఆలస్యమైనప్పుడు, పాత దారోగా సాబు రిజిస్టరు తప్పని ఇదే బోర్డు మీద రాసినాను. రిజిస్టరులో ఒక్క కొలత కూడా తప్పు లేదు. నేను మొదటి పేజీ చదవలేదు. చదివిన తరువాత కూడా మీకు చెప్పలేదు. ఆ నీళ్లు ఆయన కొలతతోనే వచ్చినాయి. సాబు గారూ, నన్ను క్షమించండి."