మా ఆవిడ ఎక్కడుందో ఎవరికీ తెలియదు

మా ఆవిడ నర్సు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసినా ఇంకా పుండు మానని వాళ్ళుంటారు కదా, వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కట్లు మారుస్తుంది. ఆవిడ ఒంటరిగా తిరుగుతోందని మా అత్తగారికి బెంగ. అందుకే రోజూ బయలుదేరే ముందు ఇంటివాళ్ళ మెసేజీల గ్రూపులో, ఎప్పుడెక్కడుందో కనబడేలా, లైవ్ లొకేషన్ పెట్టించేది. ఆ గ్రూపులో మా బావమరిది కూడా ఉన్నాడు.

బావమరిది బయట అందరితో నవ్వుతూ మాట్లాడతాడు, ఇంట్లో పెళ్ళాం మీద చెయ్యి చేసుకుంటాడు. ఆమధ్య మరిగే నీళ్ళు ఆ అమ్మాయి చేతిమీద కుమ్మరించాడు. వెధవ, అనక ఏమనను? ఆ అమ్మాయి కట్టుబట్టలతో ఇల్లు వదిలి ఎవరి గదిలోనో తలదాచుకుంది. ఎక్కడుందో ఒక్క ఆడపడుచుకే, అంటే మా ఆవిడకే, చెప్పింది. కాలిన చేతికి కట్టు కట్టాలంటే మా ఆవిడ అక్కడికి వెళ్ళాలి.

వెళ్ళాల్సిన రోజుకు ముందురోజు గ్రూపులో బావమరిది అడిగాడు: "అక్కా, బస్ డిపో వెనక సందులో అంతసేపున్నావేంటి? ఎవరున్నారక్కడ?"

అక్కడున్నది కాలికి పుండు పడ్డ ముసలాయన. అయినా మా ఆవిడ మొహం పాలిపోయింది.

"వీడు చూస్తున్నది నా కోసం కాదండీ, పెళ్ళాం కోసం," అంది.

"ఫోన్ పాడైందని చెప్పెయ్," అన్నాను.

"రెండ్రోజులు నమ్ముతాడు. తరవాత?"

కుర్చీ లాక్కుని కూర్చుంది. లైవ్ లొకేషన్ ఆపేసింది. అంతటితో ఊరుకోలేదు. ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్ళి, ఆ మెసేజీల యాప్‌కు లొకేషన్ చూసే అనుమతే తీసేసింది. కెమెరాకూ తీసేసింది. పుండు ఫొటోలు డాక్టరుకు పంపుతుంది, ఫొటోతోపాటు చోటు కూడా వెళ్ళకూడదట. అప్పుడు గ్రూపులో రాసింది: "అమ్మా, నేను తిరిగేది రోగుల ఇళ్ళకి. నేనెక్కడున్నానో చెబితే, ఎవరికి బాగాలేదో ఊరికి చెప్పినట్టే. ఇక పెట్టను. పని అవగానే ఫోన్ చేస్తాను." అందులో ఒక్క అబద్ధం లేదు. నాకు భలే ముచ్చటేసింది. అత్తగారు మాత్రం అలిగింది.

కొన్నాళ్ళకు ఓ సాయంత్రం బావమరిది ఇంటికే వచ్చాడు. చెప్పులైనా విప్పలేదు.

"అదెక్కడుందో నీకు తెలుసు కదూ?"

"తెలుసు," అంది మా ఆవిడ. నా పైప్రాణాలు పైనే పోయాయి. "కట్టు కూడా నేనే మారుస్తున్నాను. ఎక్కడో మాత్రం చెప్పను."

"ఫోనివ్వు."

"ఇవ్వను. ఇందులో నా ఒక్కదాని సంగతులే లేవురా."

వాడు అడుగు ముందుకేశాడు. నేను అడ్డం నిలబడ్డాను. మా ఆవిడ నన్ను పక్కకు జరిపి, వాడి ఎదురుగా తనే నిలబడింది. చూపు వాడి మీద నుంచి కదల్లేదు. చివరికి వాడే తల దించుకున్నాడు.

"చెయ్యి ఎలా ఉందక్కా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"అది కూడా దాన్నడక్కుండా చెప్పను."

వాడు వెళ్ళాక తలుపు గడియ పెట్టి, అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది. "నా చంకలో పెరిగాడండీ వీడు. అన్నం కలిపి పెట్టాను వీడికి," అంది. కన్నతల్లికి కోపం, తమ్ముడితో తెగతెంపులు, ఇంత మోస్తూ పొద్దున్నే సంచి భుజాన వేసుకుని వెళ్తున్న మనిషి ఇదేనా అనిపించింది. మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చున్నాను. ఆ బరువులో నేనూ కాస్త మోద్దామని, "ఇంతకీ ఆ పిల్ల ఎక్కడుంది? నాకైనా చెప్పు," అన్నాను.

కళ్ళు తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది.

"ఫోన్లో అయితే లొకేషన్ ఆపేశానండీ. మీ మొహంలో ఎలా ఆపను?"

నవ్వూ వచ్చింది, గర్వమూ కలిగింది. మళ్ళీ అడగలేదు.