స్టీరింగు మీద బెంగ

డిపోలో అతన్ని అందరూ ‘ఊరేగింపు’ అని పిలుస్తారు. అతను నడిపే బస్సు అలా వెళ్ళేదని. ముసలివాళ్ళు మెట్టు దిగి, కర్ర ఆనించుకుని, సంచీ భుజానికి తగిలించుకునేదాకా బ్రేకు మీంచి కాలు తీసేవాడు కాదు. కండక్టరు విసుక్కునేవాడు. అతను వినబడనట్టు ఉండేవాడు.

ఒక వానపూట సైకిలు మీద వెళ్తున్న మనిషి జారి అతని బస్సు ముందు పడ్డాడు. సైకిలు చక్రం కింద నలిగింది. మనిషి జానెడు ఇవతల పడ్డాడు. కాలు విరిగింది, బతికాడు. తప్పు డ్రైవరుది కాదని చూసినవాళ్ళంతా చెప్పారు. పడ్డ మనిషీ అదే చెప్పాడు.

ఎవరెన్ని చెప్పినా, ఆ తర్వాత డ్రైవరు సీట్లో కూర్చుంటే అతని చేతులు చల్లబడిపోయేవి. తాళం తిప్పేలోపే చెమటలు. భయం ఒంట్లో కూర్చుంది, తొందరపెట్టకండి అన్నాడు డాక్టరు. స్టోర్సు గదిలో వేశారు. అడిగినవాళ్ళకి బోల్టులూ బెల్టులూ అందించడం పని. ఆ గది కిటికీలోంచి గేటు కనబడుతుంది. బయటికి పోయే బస్సు గేరు మారిన చప్పుడు వింటే బల్ల కింద అతని ఎడమకాలు దానంతటదే క్లచ్చు తొక్కేది.

భార్య చెల్లెలికి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. డ్యూటీ దిగాక అక్కడికెళ్ళి కూర్చునేవాడు. ఒకరోజు ఆమె కొత్త తెర వేసిన ఫోను అతని చేతిలో పెట్టింది.

“బావా, కాస్త ఈ ఆట ఆడిపెట్టు. వేలు ఎక్కడ పట్టట్లేదో చెప్పు.”

తెర మీద బస్సు. పొడుగాటి రోడ్డు. అతను ఫోను వెనక్కిచ్చేశాడు.

“వద్దులేమ్మా.”

“బొమ్మ బస్సుక్కూడా భయమేనా? గుద్దినా గీత పడదు. పడినా ఫోను మనది కాదుగా!”

ఆరోజు ఇంజను ఆన్ చేసి, ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడంతే. బస్సు కదల్లేదు. మర్నాడు బాగుకొచ్చిన ఇంకో ఫోనులో మొదటి స్టాపుదాకా వెళ్ళాడు. ఆ తర్వాత ఊరంతా తిరిగాడు, తనదైన పద్ధతిలో. మలుపు మలుపుకీ ఇండికేటరు వేస్తాడు. ఎర్రలైటు పడితే ఆగుతాడు. వెనక బొమ్మ లారీలు హారన్లు కొడుతుంటాయి.

ఫోను కోసం నిలబడ్డ కుర్రదానికి ఓపిక పోయింది.

“అంకుల్, ఎదురుగా ఎవరూ లేరు. పోనివ్వండి!”

“ఉంటారు,” అన్నాడు తల ఎత్తకుండా.

మరదలు నవ్వింది. “ఇంత ఆడినా స్కోరు సున్నా బావా.”

“ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు. ఇంకేం కావాలి?”

కొన్నాళ్ళకి అతని భార్య కొట్టుకొచ్చి చెల్లెల్ని నిలదీసింది. “ఏం మందు పెట్టావే మీ బావకి? ఈమధ్య నిద్రలో ఉలిక్కిపడటం లేదు.”

“మందేం లేదక్కా. బస్సిచ్చాను.”

ఒక సాయంత్రం ఆ తెర మీద, ఆగి ఉన్న ఇంకో బస్సు వెనక నుంచి ఒక మనిషి హఠాత్తుగా రోడ్డు మీదికొచ్చాడు. అతను బ్రేకు నొక్కాడు. ఆగలేదు. బొమ్మ మనిషి పడ్డాడు, వెంటనే లేచాడు, దులుపుకుని నడిచిపోయాడు. ‘మళ్ళీ మొదలుపెట్టాలా?’ అని అడిగింది ఆట.

అతను ఫోను బల్ల మీద పెట్టేశాడు. చేతులు చల్లబడ్డాయి.

“అలా లేవరు,” అన్నాడు.

మరదలు ఈసారి నవ్వలేదు. స్క్రూడ్రైవరు పక్కన పెట్టింది.

“లేవరు బావా. అయినా ఆ సైకిలాయన లేచాడుగా, నెమ్మదిగా. బజార్లో కనబడి చెయ్యూపాడని నువ్వేగా చెప్పావు.”

అతను వీధిలో రద్దీ పలచబడేదాకా అలాగే కూర్చున్నాడు. తర్వాత ఫోను తీసుకుని ‘మళ్ళీ’ నొక్కాడు.

భయం తగ్గేకొద్దీ బెంగ ఎక్కువైంది. ఆ రోడ్డుకి డీజిలు వాసన లేదు. ఎండకి కాలిన సీటు లేదు. “కాస్త ముందుకు ఆపన్నా” అని వీపు వెనక నుంచి బతిమాలే గొంతు లేదు. దిగేవాళ్ళు ఎవరూ తిరిగి చూడరు. ఎంత దూరం వెళ్ళినా కొట్టులో కుర్చీలోనే ఉంటాడు. ఆట ముగించి ఫోను ఇచ్చేటప్పుడు అతని మొహం ఊరెళ్ళే బస్సు తప్పిపోయినవాడి మొహంలా ఉండేది.

చివరికి తనే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాడు.

“కడిగే షెడ్డుదాకా ఒక బస్సు నేను తీసుకెళ్తాను సార్.”

సూపర్‌వైజరు ఎగాదిగా చూశాడు. “ఊరేగింపూ! గేటు దాటవుగా?”

“దాటను సార్.”

సీట్లో కూర్చున్నాడు. చెమట పట్టింది. పట్టనిచ్చాడు. తాళం తిప్పాడు. బస్సు ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది. ఆవరణ చుట్టూ తిరిగి, షెడ్డులో గీతల మధ్య ఆగింది. నడిచి వెళ్తే బీడీ కాలేలోపు చేరే దూరం.

కడిగే ఆమె గొట్టం పట్టుకుని నిలబడింది. “దిగు బాబాయ్, నీళ్ళు కొట్టాలి.”

“కొట్టమ్మా. అద్దాలన్నీ మూసే ఉన్నాయి.”

“స్నానం బస్సుకా, నీకా?”

నీళ్ళు అద్దం మీద జారాయి. అద్దానికి అవతల గేటు, గేటుకి అవతల రోడ్డు. రోడ్డు నీళ్ళలో వంకర్లు తిరుగుతోంది. ఒక బస్సు బయటికి పోయింది. దాని వెనకే ఇంకొకటి. రెండూ మలుపు తిరిగేదాకా చూశాడు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

ఆమె గొట్టం కట్టేసింది. “అయిపోయింది. ఇక దిగు.”

అతను అద్దం జరిపి తల బయటికి పెట్టాడు.

“వెనకవైపు మురికి పోలేదమ్మా. ఇంకోసారి కొట్టు.”

ఆమె వెనక్కి వెళ్ళి చూసింది. మురికేం లేదు. ముందుకొచ్చి అతని మొహం చూసింది. మళ్ళీ నీళ్ళు వదిలింది.