పక్క డాబా మీది సోలార్ ప్లేట్లు

మొన్న మంగళవారం పొద్దున మా పక్కింటి పెద్దమ్మ పోయింది. కబురు విన్నప్పుడు నేను మా డాబా మీద సోలార్ ప్లేట్లు తుడుస్తున్నాను. సిగ్గు విడిచి మీకు చెబుతున్నాను, ఏడుపు కన్నా ముందు భయమేసింది. ఇక గాలివాన వస్తే ఎవరిని అడగాలి?

విమానాశ్రయం పక్కనున్న మా సాతంరాయిలో, మా గల్లీకి మొదట సోలార్ పెట్టించింది ఆమే. విమానాలు మా నెత్తి మీదుగానే దిగుతాయి కదా, ఆ ప్లేట్ల తళతళ పైలట్ల కళ్లల్లో కొడుతుందనీ, ఎవరో వచ్చి పీకేస్తారనీ పుకారు. ఒక వానాకాలం గడిచాక చూద్దామని గల్లీ అంతా ఆగింది. అంటే, ఏమైనా అయితే ఆమెకే కావాలని. ఎంత స్వార్థం!

పెద్దమ్మ రోజూ కొంగు నడుమున దోపుకుని, తడిగుడ్డతో ఒక్కో ప్లేటూ తుడిచేది. ఉరిమినప్పుడల్లా నేను పిట్టగోడ దగ్గరికి పరుగెత్తేదాన్ని.

"పెద్దమ్మా, ఏం కాలే గదా?"

"ఏమైతదే? మంచిగున్నది. గంత పరేషాన్ ఎందుకు? జర చాయ్ తాగిపో."

ఆ మాట పట్టుకునే, బోల్టులు కొడితే స్లాబు కురుస్తుందన్న మా ఆయనతో పోట్లాడి మరీ మేమూ పెట్టించాం.

పెద్దమ్మ పోయిన మూడో రోజున ఆమె కోడలు నా పక్కన కూర్చుంది.

"అక్కా, మా అత్తకు ఉరుములంటే మస్తు భయం. మబ్బు పడితే మెట్ల మీదనే కూసుండి మీదికి చూసేది. నువ్వు గోడకాడికి రాంగనే నవ్వు మొకం పెట్టేది."

"మరి ఎందుకు పెట్టించింది?"

"సోలార్ మంచిదని నువ్వే అన్నవట గద! సదువుకున్న పిల్ల ఉత్తగ చెప్తదా అన్నది."

ఎప్పుడో కరెంటు పోయిన మధ్యాహ్నం, కొత్తూరులో ఏదో ఫ్యాక్టరీ కప్పు మీద చూసొచ్చి ఊరికే అన్న మాట అది. నాకేం తెలుసని! నన్ను నమ్మి ఆమె, ఆమెను నమ్మి నేను. నా భయం పోగొట్టడానికి తన భయం దాచుకుంది తల్లి. ఆ రుణం ఎలా తీరుతుంది?

నిన్న సాయంత్రం మహేశ్వరం వైపు మబ్బు పట్టింది. డాబా ఎక్కాను. గాలికి ప్లేట్ల కింది కమ్మీలు కిర్రుమంటున్నాయి. వచ్చే వారం సోలార్ పెట్టించుకోబోతున్న ఎదురింటి అమ్మాయి కిందినుంచి కేకేసింది.

"అక్కా, ఏం కాదు గదా?"

కమ్మీని పట్టుకున్న చెయ్యి వదలకుండానే, నవ్వు మొకం పెట్టి కిందికి చూశాను.

"ఏమైతదే? మంచిగున్నది. చాయ్ పెడతా, రా" అన్నాను.

పక్క డాబా మీది పెద్దమ్మ ప్లేట్ల నిండా ఇన్ని రోజుల దుమ్ము. తడిగుడ్డ పట్టుకుని పిట్టగోడ దాటాను.